యార్కుషైరు అనగా నేమి?



"నెల్లూరు అనగా నేమి?" అని ఎవరైన అడిగినచో, పెన్న ఒడ్డున నున్న పట్టణమనియు, దాని చుట్టునున్న జిల్లా యనియు మీరు వెంటనే చెప్పుదురు. అదే ప్రశ్న బియ్యపు వర్తకుని అడిగినచో అతడు మొలగొలుకులను గూర్చి చెప్పును. గొర్రెల కాపరిని అడిగినచో, "పల్లా కావలెనా, జోడిపి కావలెనా, డోర కావలెనా?" అని ఎదురు ప్రశ్న వేయును. అతని దృష్టిలో నెల్లూరు అనగా గొర్రె. ఇక బ్రెజిలు దేశపు రైతును అడిగినచో, తన మందలోని తెల్లని మూపురపు ఎద్దును చూపి "నెలోరె" అనును.

ఆ ఎద్దు మన ఒంగోలు జాతిదే. 19వ శతాబ్దములో ఈ పశువులు సముద్రము దాటునాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండెను. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులో చేరెను. 1970లో ఒంగోలు ముఖ్య పట్టణముగా వేరొక జిల్లా ఏర్పడెను. నేడు దానిని ప్రకాశం జిల్లా యనుచున్నాము. మన పటములు ఇన్నిమార్లు మారినను బ్రెజిలులోని ఎద్దు మీది పేరు మాత్రము మారలేదు.

ఊరి పేరు పశువునకు అంటుట, పశువు దేశాంతరము పోయినప్పుడు పేరు కూడ వెంట పోవుట, అక్కడ ఆ పేరునకు కొత్త అర్థము వచ్చుట — ఇది లోకమంతట జరుగుచున్న విషయము. ఇట్టి పేర్లలో ఒకటి ఇంగ్లండు నుండి బయలుదేరి మన గ్రామముల దాక వచ్చినది. అదియే "యార్కుషైరు". ఈ పేరును గూర్చి వ్రాయుటకు నాకు ఒక కారణము కలదు.

కొంతకాలము క్రిందట పంట నష్టము చూచుటకు ఒక గ్రామమునకు పోయితిని. పని ముగిసిన పిదప ఒక రైతు నన్ను తన దొడ్డికి తీసికొనిపోయెను. అతడు అప్పు చేసి, యార్కుషైరు అను పేరున ఒక తెల్లని మగపందిని కొని, తన నల్లని నాటు పందులకు విత్తనముగా వాడుచుండెను. అప్పటికి వారము క్రిందట ఒక పంది 9 పిల్లలను ఈనినది. అందులో 5 తెల్లనివి, 4 నల్లనివి.

"యార్కుషైరు అన్నారండి. తెల్లగానే ఉంది కదండీ. మరి ఈ నల్లపిల్లలు ఎక్కడనుంచి వచ్చినయ్యండీ?" అని అతడు నన్ను అడిగెను.

నేను వ్యవసాయ శాఖవాడను. పందుల పెంపకము నా ముఖ్య విధి కాదు. కాని పొలమును గూర్చి వేరు, పశువును గూర్చి వేరు అధికారిని వెదకుకొనుటకు రైతునకు తీరిక యెక్కడిది? ఆనాడు నేను వెంటనే సరియైన సమాధానము చెప్పలేకపోతిని. తిరిగి వచ్చి పుస్తకములు చూచి, పశువైద్యాధికారితో మాట్లాడి తెలిసికొన్న సంగతులను ఇప్పుడు మీకు మనవి చేయుచున్నాను.

ఊరి పేరు ఎట్లు వచ్చినది

ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమున యార్కుషైరు కలదు. కౌంటీ అనగా సుమారుగా మన జిల్లా వంటిది. పాత కౌంటీలన్నిటిలో యార్కుషైరు పెద్దది. "షైరు" అనగా పాత ఆంగ్ల భాషలో పరిపాలనా విభాగము. యార్కు పట్టణము ముఖ్య స్థానముగా గల విభాగము కనుక యార్కుషైరు అయినది.

యార్కు అను మాటకు మాత్రము ఒక వింత కథ కలదు. రోమనులు ఏలిన కాలమున ఆ ఊరి పేరు ఎబొరాకమ్. అది అంతకు పూర్వపు స్థానికుల మాట. "యూ" అను జాతి చెట్లున్న చోటని పండితులు అర్థము చెప్పుదురు. రోమనుల తరువాత వచ్చిన ఆంగ్లో-శాక్సనులకు ఆ మాట తెలియదు. వారి చెవికి అది తమ భాషలోని "ఎఒఫొర్" అను మాటవలె వినబడెను. ఎఒఫొర్ అనగా అడవిపంది. అందుచే వారు ఆ ఊరిని ఎఒఫొర్‌విక్ అనిరి. అర్థము తెలియని ఊరి పేరునకు తెలిసిన మాట అతికించుట మన పల్లెలలో కూడ కద్దు. 866లో వైకింగులు ఆ ఊరిని పట్టుకొని తమ పలుకుబడిలో యోర్విక్ అనిరి. ఆ మాటయే అరిగి యార్కు అయ్యెను.

పంది పేరు ఊరికి పొరపాటున వచ్చినది. వెయ్యేండ్ల తరువాత ఊరి పేరు పందికి వచ్చినది.

ఈ కౌంటీని పూర్వము మూడు "రైడింగులు"గా విభజించిరి. ఉత్తర, తూర్పు, పశ్చిమ రైడింగులని వాటి పేర్లు. రైడింగు అనగా మూడవ వంతు అని వైకింగుల భాషలో అర్థము. గుర్రపు స్వారీతో దానికి సంబంధము లేదు. 1974లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత విభాగములు రద్దయి, కౌంటీ ముక్కలయినది. ఒకే పరిపాలన క్రింద నుండిన పాత యార్కుషైరు నేడు లేదు. ఉత్తర, దక్షిణ, పశ్చిమ యార్కుషైరులును, తూర్పు రైడింగును వేరువేరుగా నున్నవి. అయినను అక్కడి ప్రజలు తమది యార్కుషైరే యందురు. పేరు పటము కంటె మొండిది.

ఆ పేరు పెట్టుకొన్నవి

ఈ ఒక్క పేరుతో ఎన్ని వస్తువులు, ఎన్ని ప్రాణులు గలవో చూడుడు.

యార్కుషైరు పుడ్డింగు అనునది గోధుమపిండి, గ్రుడ్లు, పాలు కలిపిన జారుడు పిండిని వేడి క్రొవ్వులో పోసి కాల్చిన వంటకము. 1747లో అచ్చయిన ఒక ఆంగ్ల వంటల పుస్తకములోనే ఈ పేరు కలదు. యార్కుషైరు టెరియరు ఒక చిన్న కుక్క. నేడు ధనవంతుల ఒడిలో కూర్చుండు ఈ కుక్కను 19వ శతాబ్దములో మిల్లు కార్మికులు ఎలుకలను పట్టుటకు పెంచిరి. యార్కుషైరు కానరీ పొడవైన దేహము గల పంజరపు పక్షి. క్రికెట్టు చూచు మీ పిల్లలకు యార్కుషైరు అనగా ఒక జట్టు. 1992లో ఆ జట్టు తరపున విదేశీ ఆటగాడుగా ఆడిన మొదటివాడు మన సచిన్ టెండూల్కరు.

యార్కుషైరు ఫాగ్ అనునది ఒక గడ్డి. దాని ఆకులు మఖమలువలె మెత్తగా నుండును. ఫాగ్ అనగా పొగమంచు అని మనము చదువుకొంటిమి. కాని ఇక్కడ ఆ అర్థము కాదు. ఒక కోత అయిన తరువాత మరల పెరుగు గడ్డిని పాతకాలపు రైతులు ఆ మాటతో పిలిచెడివారు. యార్కుషైరు కోచి గుర్రము బండికి కట్టు జాతి. ఆ కౌంటీలోని క్లీవ్‌లాండు సీమ గుర్రములను పరుగు గుర్రములతో సంకరపరచి దీనిని తయారుచేసిరి. మోటారు కార్లు వచ్చిన పిదప దీని అవసరము తీరిపోయి, 1936లో దాని వంశావళి పుస్తకమును మూసివేసిరి. ఇప్పుడు పేరు మాత్రమే మిగిలినది, గుర్రము లేదు.

పేరునకు చట్టము కాపలా కాచుట కూడ ఆ సీమలో చూడవచ్చును. అక్కడ చీకటి పాకలలో పెంచు రూబార్బు అను పులుపు కాడకూర ప్రసిద్ధి పొందినది. 2010లో "యార్కుషైరు ఫోర్స్‌డ్ రూబార్బు" అను పేరునకు ఐరోపాలో రక్షణ లభించెను. ఆ సీమలో, ఆ పద్ధతిలో పెంచనిదే ఆ పేరున అమ్మరాదు. మన బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక సూచిక లభించినదన్న సంగతి మీకు తెలిసియే యుండును. ఇది కూడ అట్టిదే.

కాని మన గ్రామములకు వచ్చిన యార్కుషైరు వీటిలో నొకటి కాదు. అది పంది.

నేతగాని దొడ్డిలో పుట్టిన జాతి

పశ్చిమ రైడింగు ఉన్ని నేతకు పేరుపొందిన సీమ. లీడ్సు, బ్రాడ్‌ఫర్డు, కీత్లీ మొదలగు ఊళ్లలో మగ్గములు, మిల్లులు నిండియుండెడివి. నేతపనివారికి పొలములు లేవు. ఇంటి వెనుక దొడ్డిలో ఒకటి రెండు పందులను మాత్రము పెంచుకొనెడివారు. ఆ సీమ నాటు పందులు తెల్లనివి, పెద్దవి. ఎముక మోటు, ఆలస్యముగా ఎదుగును. 18వ శతాబ్దములో చీనా దేశపు పందులు ఇంగ్లండునకు వచ్చెను. అవి చిన్నవైనను త్వరగా క్రొవ్వెక్కును. నాటు పెద్ద పందులను లీస్టరు సీమ మెరుగు పందులతోను, చీనా రక్తము గల చిన్న పందులతోను కలిపి, తరతరములుగా ఏరి పెంచిరి.

1851లో విండ్సరులో జరిగిన రాయల్ వ్యవసాయ ప్రదర్శనమునకు కీత్లీకి చెందిన జోసెఫ్ ట్యూలీ అను నేతగాడు తన పందులను తోలుకొనిపోయెను. పెద్ద దేహము, మంచి రూపు గల ఆ తెల్లని పందులను జనులు వింతగా చూచిరి. పెద్ద జమీందారు గాక, మగ్గము నేయువాడొకడు దేశమునకు ఒక జాతిని చూపించెను. చేతిలో ఎకరములు లేకున్నను కంటిలో నిదానము, లెక్కలో నిజాయితీ యున్నచో జాతిని మెరుగుపరచవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఆ మరుసటి సంవత్సరము, 1852లో, కీత్లీ ప్రదర్శనమున న్యాయనిర్ణేతలకు ఒక చిక్కు వచ్చెను. కొన్ని మంచి పందులు పెద్ద తెల్ల తరగతికి చాలినంత పెద్దవి కావు. చిన్న తెల్ల తరగతికి చాలినంత చిన్నవి కావు. వాటిని త్రోసివేయుటకు మనసొప్పక, నడుమ తరగతి నొకదానిని కల్పించిరి. ఇట్లు యార్కుషైరు పేరున మూడు తెల్ల జాతులు ఏర్పడెను.

మొదటిది లార్జి వైటు, అనగా పెద్ద తెల్లది. 1868లో దీనికి జాతిగా గుర్తింపు వచ్చెను. రెండవది మిడిల్ వైటు, అనగా నడిమి తెల్లది. దీని ముఖము పొట్టిగా, పైకి నొక్కినట్లు వంగియుండును. నేడు ఇది అరుదైన జాతులలో చేరినది. మూడవది స్మాల్ వైటు, అనగా చిన్న తెల్లది. ఇది 20వ శతాబ్దపు తొలినాళ్లలో అంతరించెను. కాబట్టి పాత కాగితములో "యార్కుషైరు పంది" అని మాత్రమే యున్నచో, ఆ మూడింటిలో ఏదియని అడుగవలసి యుండును.

1884లో బ్రిటనులోని పందుల పెంపకందారుల సంఘము వంశావళి పుస్తకమును ప్రారంభించెను. ఏ పిల్ల ఏ తల్లిదండ్రులకు ఎప్పుడు పుట్టినదో అందులో వ్రాసెదరు. గ్రామాధికారులకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. భూమికి అడంగలు ఎట్టిదో జాతికి ఈ పుస్తకము అట్టిది. పొలము ఎవరిదని గట్టును అడిగిన గట్టు చెప్పదు, కాగితము చెప్పును.

సముద్రము దాటిన పేరు

ఇక్కడ మీరు గమనింపవలసిన విశేషము ఒకటి కలదు. పుట్టినింట, అనగా బ్రిటనులో, ఈ పందిని లార్జి వైటు అందురు. అమెరికా, కెనడా దేశములలో యార్కుషైరు అందురు. మన దేశములో రెండు పేర్లును కలిపి లార్జి వైటు యార్కుషైరు అనుచున్నాము. ఇంటనున్నవారికి సీమ పేరుతో పనిలేదు. దూరపువారికే ఆ గుర్తు కావలయును. బ్రెజిలువారు మన ఎద్దునకు నెల్లూరు పేరు పెట్టుట కూడ ఈ విధముగనే జరిగెను.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు 1830 ప్రాంతముననే యార్కుషైరు పందులు వచ్చినవని చెప్పుదురు. కాని లార్జి వైటునకు గుర్తింపు వచ్చినది 1868లో. కావున ముందు వచ్చిన యార్కుషైరు వేరు, తరువాత వచ్చిన యార్కుషైరు వేరు. పేరు ఒక్కటియే. అటుపిమ్మట అమెరికా రైతులు తమ బజారునకు తగినట్లు తమ పందులను వేరుగ ఏరి పెంచిరి. కనుక నేటి అమెరికా యార్కుషైరు, బ్రిటను లార్జి వైటు ఒకే కుటుంబమునకు చెందినవైనను, రెండిండ్లలో పెరిగిన దాయాదులవంటివి.

డెన్మార్కువారు లార్జి వైటును తమ నాటు పందులతో కలిపి, లాండ్రేసు అను జాతిని అభివృద్ధి చేసిరి. లాండ్రేసు అనగా దేశవాళీ జాతి అనియే అర్థము. అదియు తెల్లనిదే, పొడవైనదే. కాని దాని చెవులు ముందునకు వాలి కన్నుల మీద పడుచుండును. లార్జి వైటు చెవులు నిక్కపొడుచుకొని యుండును. ఈ ఒక్క గుర్తుతో రెండింటిని వేరు చేయవచ్చును.

ఇతర కౌంటీల పేర్లు కూడ ఇట్లే తిరుగుచున్నవి. బర్కుషైరు అనగా నల్లని పంది; నాలుగు కాళ్ల కొనలు, ముఖము, తోక కొన తెల్లగా నుండును. హాంపుషైరు పేరున ఒక గొర్రె, ఒక పంది గలవు. ఆ పంది నలుపు. భుజముల మీదుగా తెల్లని పట్టె యుండును. పేరు ఇంగ్లండు కౌంటీదైనను దానిని జాతిగా తీర్చినవారు అమెరికా రైతులు. న్యూ హాంపుషైరు కోడికి ఆ కౌంటీతో నేరుగా సంబంధము లేదు. దాని పేరు అమెరికా రాష్ట్రముది. ఆ రాష్ట్రమునకు మాత్రము పేరు కౌంటీ నుండి వచ్చెను. సఫోకు అనగా నల్లని ముఖము గల గొర్రె కావచ్చును, ఎర్రని బరువు గుర్రము కావచ్చును. "సఫోకు కొంటిని" అన్నవానిని "ఎన్ని కాళ్లు?" అని అడిగినను తెలియదు; రెంటికిని నాలుగే.

మన సీమకు వచ్చుట

మన దేశమునకు పందుల అభివృద్ధి కొరకు లార్జి వైటు యార్కుషైరును తెప్పించిరి. పంచవర్ష ప్రణాళికల తొలి దశాబ్దములలో కృష్ణా జిల్లా గన్నవరమున పందుల పెంపక కేంద్రమును, దానితో పాటు మాంసమును ఉప్పువేసి నిలవచేయు కర్మాగారమును నెలకొల్పిరి. తిరుపతిలో అఖిల భారత పందుల పరిశోధన పథకము క్రింద ఈ జాతిని నాటు పందులతో సంకరపరచి పరిశోధనలు జరిపిరి. అందుచే మన పల్లెలలో యార్కుషైరు అను మాట రెండు మూడు తరముల నుండి వినబడుచున్నది. ఇన్నేండ్లలో ఆ రక్తము అక్కడక్కడ నాటు మందలలో కలిసినది కూడ.

స్వచ్ఛమైన లార్జి వైటు యార్కుషైరు లక్షణములు ఇవి. దేహము పొడవు, రంగు తెలుపు, చర్మము గులాబి వన్నె, ముఖము కొంచెము లోపలికి వంగియుండును, చెవులు నిటారుగా నుండును. ఎదిగిన మగపంది 300 నుండి 400 కిలోలు, ఆడపంది 230 నుండి 320 కిలోలు తూగును. ఈతకు సాధారణముగా 8 నుండి 12 పిల్లలను పెట్టును. చూలుకాలము 114 దినములు. మూడు నెలల మూడు వారముల మూడు దినములని గుర్తుంచుకొనవచ్చును.

తెలుపు చెప్పు అబద్ధము

ఇక ఆ రైతు ప్రశ్నకు వత్తము.

ప్రతి పిల్లకు రంగు విషయములో తల్లి నుండి ఒక పాలు, తండ్రి నుండి ఒక పాలు వచ్చును. స్వచ్ఛమైన యార్కుషైరులో రెండు పాళ్లును తెలుపే. నల్లని నాటు పందిలో రెండు పాళ్లును నలుపే. ఈ రెండింటికి పుట్టిన పిల్లలో ఒక పాలు తెలుపు, ఒక పాలు నలుపు ఉండును. కాని ఈ జాతి తెలుపు బలమైన గుణము, నలుపును కప్పివేయును. కాబట్టి సగము రక్తము గల ఆ పిల్ల పైకి తెల్లగనే కనబడును. ఒకప్పుడు చర్మము మీద చిన్న నల్లమచ్చలు మాత్రము ఉండవచ్చును.

ఆ సగము రక్తపు మగపిల్ల ఎదిగిన తరువాత దానిని నల్లని నాటు పందితో కలిపినచో, పిల్లలలో సుమారు సగము తెల్లవి, సగము నల్లవి పుట్టును. స్వచ్ఛమైన మగపందియైనచో అన్నియు తెల్లవే పుట్టవలెను. ఆ రైతు దొడ్డిలో 9 పిల్లలలో 4 నల్లవి. అనగా అతడు కొన్నది యార్కుషైరు కాదు; యార్కుషైరు కొడుకు. తల్లి నాటు పంది.

ఇందులో అతనికి నష్టమేమి? అతడు స్వచ్ఛమైన జాతి ధర చెల్లించెను. పిల్లలకు సగము యార్కుషైరు రక్తము వచ్చుననుకొనెను. వచ్చినది నాల్గవ వంతు. ఆ తక్కువ పెరుగుదలలో కనబడును, బరువులో కనబడును, చివరకు బజారులో కనబడును. ఒక సంవత్సరము గడచినది. అప్పు మీద వడ్డీ కూడ పెరిగినది. అమ్మినవాడు చెప్పినది ఒక్క మాట. కొన్నవాడు చూచినది ఒక్క రంగు. కాగితము ఎవరును అడుగలేదు.

సంకరజాతి చెడ్డదని నా భావము కాదు. మాంసము కొరకు పెంచుటకు సంకర పిల్లలు చాల మేలు. అవి మన ఎండకు, మన మేతకు ఓర్చుకొని నాటు పందుల కంటె త్వరగా పెరుగును. సంకర ఆడపందిని ఉంచుకొని స్వచ్ఛమైన మగపందితో కలుపుట మంచి పద్ధతి. కాని సంకర మగపందిని స్వచ్ఛమైనదని విత్తనమునకు వాడరాదు. సంకర వరి పండిన చేని గింజలను మరల విత్తనముగా చల్లినచో ఏమగునో మీకు తెలియును. ఇదియు అంతే.

కొనుటకు ముందు

యార్కుషైరు పేరున విత్తనపు మగపందిని కొనువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. "ఏ యార్కుషైరు?" అని అడుగుడు. లార్జి వైటా, మిడిల్ వైటా, సంకరమా, సంకరమైనచో ఎన్నవ వంతు అని విడమరచి చెప్పించుకొనుడు.

2. తల్లిదండ్రుల వివరములు వ్రాసిన కాగితము తీసికొనుడు. ప్రభుత్వ కేంద్రములలోను, విశ్వవిద్యాలయ కేంద్రములలోను చెవికి గంటు పెట్టియో, బిళ్ల వేసియో గుర్తుంచుదురు. చెవి గుర్తు, కాగితములోని సంఖ్య సరిపోవలెను.

3. రంగును మాత్రమే నమ్మరాదు. నాటు పందులకు కూడ నిటారు చెవులుండును గనుక, చెవులను బట్టి లాండ్రేసును వేరు చేయవచ్చును గాని సంకరమును వేరు చేయలేము. వీలైనచో తల్లిని, తోడబుట్టిన పిల్లలను చూడుడు. ఒకే ఈతలో నల్లని తోబుట్టువు కనబడినచో సందేహింపవలెను. ఆ మగపంది ఇదివరకు నాటు పందులకు పుట్టించిన పిల్లలను చూడగలిగినచో ఇంకను మేలు.

4. ఆడపందిని కొనునప్పుడు చన్నులను లెక్కింపుడు. పనికివచ్చు చన్నులు 12కు తగ్గరాదు. 14 ఉన్నచో మంచిది.

5. తెల్లని చర్మమునకు ఎండదెబ్బ త్వరగా తగులును. పందికి చెమట పట్టదు. కాబట్టి నీడ, నీరు లేక ఈ జాతిని తేవద్దు. ఎండకాలమున దినమునకు రెండు మూడు పర్యాయములు నీళ్లు చల్లుట, పాక మీద గడ్డి కప్పుట అవసరము. ఎక్కువ వేడిలో మగపంది చూలు కట్టించు శక్తి కూడ తగ్గును.

6. ఒకే మగపందిని ఏండ్ల తరబడి ఉంచి దాని కూతుళ్లతో కలుపరాదు. రెండేండ్లకొకసారి వేరు వంశపు మగపందిని తెచ్చుకొనుడు.

7. కొత్తగా తెచ్చిన పందిని నెల దినములు వేరుగ నుంచి చూడుడు. పందుల జ్వరమునకు టీకా వేయించుడు. 2020 నుండి మన దేశములో ఆఫ్రికా పందుల జ్వరము కనబడుచున్నది. దానికి చికిత్స లేదు. సంతలో చవుకగా దొరకినదని ఎక్కడనుండి వచ్చినదో తెలియని పందిని దొడ్డిలోనికి తోలవద్దు. హోటలు ఎంగిలిని బాగుగ ఉడికింపక మేపవద్దు.

గ్రామాధికారులకు మనవి. అప్పు కొరకో, బీమా కొరకో దరఖాస్తు వ్రాయునప్పుడు "యార్కుషైరు పంది – 1" అని వ్రాసి ఊరుకొనక, జాతి పూర్తి పేరు, స్వచ్ఛమో సంకరమో, చెవి సంఖ్య, తెచ్చిన కేంద్రము వ్రాయుడు. పొలమునకు సర్వే నెంబరు వ్రాయక ఊరి పేరు మాత్రమే వ్రాయుదుమా? పశువునకు కూడ అట్లే.

ముగింపు

నేను చెప్పినదంతయు విని ఆ రైతు కొంతసేపు మాట్లాడలేదు. పిదప, "అయితే దీన్ని ఏం చెయ్యమంటారండీ?" అని అడిగెను. మగపందిని మేపి మాంసమునకు అమ్మవలసినదనియు, ఆ 5 తెల్లపిల్లలలో బాగుగ పెరిగిన ఆడవాటిని ఉంచుకొనవలసినదనియు, వాటికి కాగితము గల మగపందిని తేవలసినదనియు పశువైద్యాధికారి సలహా ఇచ్చిరి. అతడు అట్లే చేసెను. ఈమారు కొనబోవునప్పుడు తల్లిని చూపనిదే డబ్బు తీయలేదని విని సంతోషించితిని.

యార్కుషైరు అనగా ఊరు, సీమ, వంటకము, కుక్క, గడ్డి, జట్టు, పంది. అన్నియు నిజమే. పేరు ఎక్కడ పుట్టినదో చెప్పును. ఎదుట నిలిచినది ఏమిటో చెప్పదు. మన ఒంగోలు గిత్తకును, నెల్లూరు గొర్రెకును ఇదే న్యాయము వర్తించును. తెల్లగా నుండి మూపురమున్న ప్రతి ఎద్దును ఒంగోలు జాతి యని అమ్ముచుండగా మనమే చూచుచున్నాము. కనుక పేరు విని సంతోషింపుడు, వంశము అడిగి కొనుడు. సందేహము కలిగినచో మీ మండల పశువైద్యాధికారిని డబ్బు చెల్లింపక ముందే కలిసికొనుడు. చెల్లించిన తరువాత వారు చేయగలిగినది తక్కువ.